పాత ట్రాక్టరుకు ఇంజన్ ఆయిల్ – 3వ పాఠం: డబ్బా మీద రాసింది చదవడం

పోయిన పాఠంలో గేజి కడ్డీ తీసి ఆయిల్ మట్టం చూశాం, రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాం. ఆ పని చేయకుండా వచ్చినవాళ్లు ముందు అది చేసి రండి. మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతూ, డీజిల్ వాసన కొడుతుంటే ట్యాంకు నుంచి డీజిల్ తోడే ఫీడ్ పంపులోని పొర (డయాఫ్రం) చిరిగి ఉండొచ్చు. దాన్ని బాగుచేయకుండా ఎంత మంచి ఆయిల్ పోసినా దండగే.

ఇక డబ్బా చేతిలోకి తీసుకోండి. 15డబ్ల్యు-40 అని ఉంటుంది. డబ్ల్యు అంటే వింటర్. దాని ముందున్న 15 ఉష్ణోగ్రత కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే. చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే తరగతి అది. అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత త్వరగా పారుతుంది. వెనకున్న 40, ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాక మిగిలే చిక్కదనాన్ని చెప్పే తరగతి.

పాత మాన్యువల్ తిరగేస్తే చలికాలం 30, ఎండాకాలం 40 అని ఒంటి అంకెలు కనిపిస్తాయి. ఆ రెండు పనులూ ఇప్పుడు 15డబ్ల్యు-40 ఒక్కటే చేస్తుంది.

మరి 20డబ్ల్యు-50? 'ఇంజన్ అరిగింది, చిక్కటిది పోస్తే సరి' అనే మాట మీరూ వినే ఉంటారు. అందులో సగమే నిజం. అరిగిన బేరింగుల సందుల్లోంచి చిక్కటి ఆయిల్ తొందరగా జారిపోదు, కాబట్టి వేడి మీద ఆయిల్ ప్రెజర్ కాస్త నిలబడుతుంది. కానీ చల్లటి ఉదయం స్టార్ట్ చేస్తే అదే ఆయిల్ ఇంజన్ పైభాగంలో వాల్వులను కదిపే రాకర్ల దాకా చేరడానికి ఆలస్యం చేస్తుంది. అన్నాళ్లూ అరిగిన ఇంజన్ ఆ కాసేపట్లో ఇంకాస్త అరుగుతుంది. ఎండలు బాగా ఉండి, వేడి మీద ఐడిలింగ్‌లో ప్రెజర్ ముల్లు పడిపోతుంటేనే నేను 50కి వెళ్తాను. అదీ రిపేరుకు తీసుకెళ్లేదాకా నెట్టుకురావడానికే.

అక్షరాలు సులువు. ఏపీఐ (ఆయిల్ నాణ్యతకు తరగతులిచ్చే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తు దగ్గర 'సి'తో మొదలైతే డీజిల్ ఇంజన్లకు, 'ఎస్'తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకు. మాన్యువల్‌లో సీడీ అనే పాత తరగతి ఉంటే దాని తర్వాత వచ్చిన సీహెచ్-4 గానీ సీఐ-4 గానీ హాయిగా వాడొచ్చు. 2016 డిసెంబర్‌లో వచ్చిన సీకే-4 ఇంకా కొత్తది, కానీ పాత ఇంజన్‌కు అంత అవసరం లేదు. దాంతోపాటే వచ్చిన ఎఫ్ఏ-4 మాత్రం ముట్టుకోవద్దు. అది కొన్ని కొత్త ఇంజన్ల కోసం చేసిన పల్చటి ఆయిల్.

ఇంకో మాట. డబ్బా మీద ట్రాక్టర్ బొమ్మ ఉందని మోసపోకండి. యూటీటీఓ అని ఉంటే అది గేర్‌బాక్సు, హైడ్రాలిక్, వెట్ బ్రేకుల ఆయిల్. ఇంజన్‌లో పోయకూడదు.

ఈ వారం అభ్యాసం: పొద్దున్నే స్టార్ట్ చేయగానే ప్రెజర్ గేజి ఎంత చూపిందో రాసుకోండి. గంటసేపు పని చేయించి, ఐడిలింగ్‌లో పెట్టి మళ్లీ రాసుకోండి. మూడు రోజులు ఇలాగే చేయండి. పాత మడ్డి పేరుకున్న ఇంజన్‌లో ఆయిల్ మార్చేటప్పుడు ఈ కాగితం కావాలి, 4వ పాఠం దాంతోనే మొదలు.