‘ట్రెజర్’ అనే ఇంగ్లిషు మాటను ఎక్కడ, ఎలా వాడాలి

‘ట్రెజర్’ అంటే నిధి అని చిన్నప్పుడే నేర్చుకుంటాం గానీ, విలువైనదల్లా ట్రెజర్ కాదు. అమలాపురం దగ్గర రెండెకరాల కొబ్బరితోట ఉన్న రైతు బ్యాంకు రుణ దరఖాస్తులో దానిని ‘అసెట్’గానే చూపాలి, రైల్లో వెంట తీసుకువెళ్లే నగలూ నగదూ ‘వాల్యుబుల్స్’ అవుతాయి. ట్రెజర్ అనాలంటే ఆ సొత్తు ఎక్కడో పోగుచేసి దాచినదైనా కావాలి, లేదా మనసుకు అపురూపమైనదైనా కావాలి.

మన లంకెబిందెలు మొదటి అర్థానికి అచ్చంగా సరిపోతాయి. ఆ అర్థంలో ఈ మాటకు సాధారణంగా బహువచనం రాదు. బిందెలు రెండు దొరికినా ‘దే ఫౌండ్ ట్రెజర్’ అంటే చాలు. విడివిడిగా లెక్కించదగిన అపురూప వస్తువులకైతే ‘ట్రెజర్స్’ అనాలి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం గురించి రాసేవారు, అక్కడి తాళపత్ర గ్రంథాలను ‘ద లైబ్రరీస్ ట్రెజర్స్’ అనడం చక్కని ప్రయోగం. మనిషిని ఉద్దేశించినప్పుడు మాత్రం ముందు ‘ఎ’ ఉండాలి: ‘షి ఈజ్ ఎ ట్రెజర్’. దీనిని ‘ఆమె ఒక నిధి’ అని తెలుగు చేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఆవిడ మా ఇంటికి పెన్నిధి’ అంటే అతుకుతుంది.

క్రియగా వాడేటప్పుడు ధరతో నిమిత్తం లేదు. తాతగారు రాసిన పాత కార్డుముక్కలను భద్రంగా దాచుకున్నవారు ‘ఐ ట్రెజర్ హిజ్ లెటర్స్’ అనవచ్చు గానీ, బ్యాంకులో వేసిన డిపాజిట్టుకు ఈ క్రియ నప్పదు. మనకు అలవాటైన ‘ఐ యామ్ ట్రెజరింగ్’ కూడా ఇక్కడ పొసగదు. ఉచ్చారణలో నడిమి ధ్వని ‘మెజర్’, ‘ప్లెజర్’ మాటల్లోనిదే. తెలుగు ‘జ’ దానికి దగ్గరేగాని సరిసమానం కాదు. పింఛనుదార్లకు పరిచయమైన ట్రెజరీ, సంఘాల కోశాధికారిని పిలిచే ట్రెజరర్ ఈ కుదురుకు చెందినవే.

నేలలో దొరికిన నిధిని చట్టభాషలో ‘ట్రెజర్ ట్రోవ్’ అంటారు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్, నేలలో గానీ నేలను అంటిపెట్టుకున్నదానిలో గానీ దాగి ఉన్న, ఎంతో కొంత విలువగల ఏ వస్తువునైనా ‘ట్రెజర్’గా నిర్వచించి, దాని విలువ 10 రూపాయలు మించితే దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని విధించింది. మన పాత క్రయ దస్తావేజుల్లో ‘నిధి నిక్షేప జల పాషాణ’ అంటూ హక్కులన్నీ ఏకరువు పెట్టి ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత తప్పదు. అటువంటి అర్జీని ఇంగ్లిషులో రాయవలసి వస్తే ‘వాల్యుబుల్స్’ అనకుండా ‘ట్రెజర్’ అనే రాసి, వస్తువుల స్వరూపం, సుమారు విలువ, దొరికిన చోటు, తేదీ పేర్కొనాలి.