జంటల క్లబ్బు పేరిట ఆహ్వానం వస్తే ఏం చేయాలి

1977లో న్యూయార్క్‌లోని అన్సోనియా భవనం నేలమాళిగలో లారీ లెవెన్సన్ తెరిచిన ప్లేటోస్ రిట్రీట్, దంపతులు పరస్పర అంగీకారంతో భాగస్వాములను మార్చుకునే క్లబ్బుగా పేరుమోసి, యజమాని పన్ను ఎగవేత కేసులో జైలుకు వెళ్లాక తడబడి, ఎయిడ్స్ భయం ముదిరిన 1985 చివర్లో నగర యంత్రాంగం చేతుల్లో మూతపడింది. దానికి కనీసం ఒక చిరునామా, ఒంటరి మగవారిని రానివ్వని నియమం ఉండేవి. రుషికొండ రిసార్టులో సమావేశమంటూ విశాఖవాసి ఫోనుకు వచ్చే సందేశానికి తరచూ క్యూఆర్ కోడ్ తప్ప మరేదీ ఉండదు.

కాబట్టి ముందు వేదిక పేరు అడిగి, ఆ రిసార్టుకే ఫోన్ చేసి బుకింగ్ నిజమో కాదో తెలుసుకోవాలి. సభ్యత్వ రుసుము, ఆ వెంటనే ‘తిరిగి ఇచ్చే డిపాజిట్’, ఆపై ‘ధ్రువీకరణ’ కోసం ముఖం కనిపించే ఫొటోలు అడిగితే అక్కడితో ఆపేయాలి. అసలు బేరం ఆ ఫొటోలదే; వాటిని బయటపెడతామని బెదిరించి డబ్బు గుంజుతారు.

ఇప్పటికే పంపి ఉంటే, బెదిరింపులకు లొంగి మరో రూపాయి కూడా చెల్లించరాదు. పరువు పోతుందని చాట్‌ను చెరిపేయడం వల్ల మేలు జరిగేది మోసగాడికే. స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ సంఖ్య భద్రపరచి, వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోన్ చేసి, నగర సైబర్ క్రైం పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

‘మీపైనే వ్యభిచారం కేసు పెడతాం’ అన్న బెదిరింపు చెల్లదు; వివాహేతర సంబంధాన్ని నేరంగా పరిగణించిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. అయితే హిందూ వివాహ చట్టం కింద వివాహేతర లైంగిక సంబంధం నేటికీ విడాకులకు కారణమే.