ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మను కొనేముందు పరీక్షించడం ఎలా

రూపం మార్చే రోబో బొమ్మకు వెల కట్టేటప్పుడు చాలామంది అది రోబోగా నిలబడి ఉన్న తీరు చూసి నిర్ణయానికి వస్తారు. అమ్మేవాళ్లు ఫొటోలు తీసేదీ ఎక్కువగా ఆ భంగిమలోనే. అయితే ఈ బొమ్మలో చూడవలసినవి మూడు ఉన్నాయి: రోబో, బండి, ఒకటి మరొకటిగా మారే ప్రక్రియ. మొదటి రెండింటిలోని లోపాలు కంటికి ఆనతాయి. కీలు వదులు కావడం, పిన్ను దగ్గర ప్లాస్టిక్ చిట్లడం, మడతపడే పలక సరిగా కూర్చోకపోవడం వంటివి మాత్రం బొమ్మను చేతిలోకి తీసుకుని రూపం మార్చినప్పుడే బయటపడతాయి. అందువల్ల పరీక్షలో ఎక్కువ సమయం కేటాయించవలసింది ఆ మార్పుకే. అందరికీ తెలిసిన, లారీగా మారే ఆప్టిమస్ ప్రైమ్‌ను ఉదాహరణగా తీసుకుని ఆ పరీక్ష ఎలా చేయాలో చూద్దాం.

అన్నిటికన్నా ముందు, మీ ఎదుట ఉన్నది ఏ విడుదలకు చెందినదో తేల్చుకోవాలి. అమెరికా సంస్థ హాస్బ్రో 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మిన తొలి బొమ్మల్లో చాలావరకు అప్పటికే జపాన్‌లో టకారా సంస్థ డయాక్లోన్, మైక్రో చేంజ్ అనే వరుసల్లో విడుదల చేసినవే. ఆప్టిమస్ ప్రైమ్ డయాక్లోన్ వరుసలో 1983లో వచ్చిన బ్యాటిల్ కాన్వాయ్. తుపాకీగా మారే మెగాట్రాన్, క్యాసెట్ ప్లేయర్‌గా మారే సౌండ్‌వేవ్, చిన్న కారుగా మారే బంబుల్‌బీ మైక్రో చేంజ్ నుంచి వచ్చాయి. జెట్ విమానంగా మారే జెట్‌ఫైర్ మూలం టకారా కూడా కాదు, టకటోకు అనే మరో జపాన్ సంస్థ. డయాక్లోన్ బొమ్మల్లో చిన్న పైలట్ మనుషులు కూర్చునేవారు కాబట్టి, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్స్‌గా అమ్మిన కొన్ని కార్ల తలుపులు తెరిస్తే లోపల కూర్చునేవాళ్లు లేని సీట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని చూసి ఏదో భాగం పోయిందని కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు కంగారు పడనక్కరలేదు.

బొమ్మ మీద అచ్చుపోసి ఉండే సంవత్సరాన్ని తయారైన సంవత్సరంగా చదవకూడదు. అది ఆ రూపకల్పన మీద హక్కు నమోదైన సంవత్సరం. అదే అచ్చుతో ఇరవై ఏళ్ల తర్వాత తీసిన బొమ్మ మీద కూడా 1980ల అంకెలే ఉండవచ్చు. కాబట్టి అంకెలకన్నా నిర్మాణంలోని తేడాలను నమ్మడం మేలు. పిల్లల భద్రతా నియమాల కోసం హాస్బ్రో 2002 నాటి పునర్విడుదలలో ఆప్టిమస్ ప్రైమ్ లారీ పొగగొట్టాలను పొట్టిగా చేసింది. పునర్విడుదలలు కొన్నింటిలో క్షిపణులు పాతవాటికన్నా పొడవుగా ఉంటాయి. పొట్టి పొగగొట్టాలున్న బొమ్మను 1984 నాటిదని చెప్పి అమ్ముతున్నారంటే, అమ్మేవారికి తెలియదనో, తెలిసే చెబుతున్నారనో అనుకోవాలి. రెండింటిలో ఏదైనా ధర విషయంలో మీరు జాగ్రత్త పడవలసిందే.

వేడికి రంగు తేలే చిన్న చతురస్రపు స్టిక్కర్ మరో ఆధారం. దాన్ని బొటనవేలితో కాసేపు గట్టిగా రుద్దితే ట్రాన్స్‌ఫార్మర్స్ కథలోని ఆటోబాట్, డిసెప్టికాన్ పక్షాల్లో ఏ పక్షానికి చెందిన బొమ్మో చెప్పే ముఖచిహ్నం బయటపడుతుంది. ఇది 1985 నుంచి వచ్చింది. కాబట్టి 1984లో తయారైన బొమ్మ మీద అది లేకపోతే నకిలీ అనడానికి వీల్లేదు. ఉన్నప్పటికీ దశాబ్దాల తర్వాత వేడికి స్పందించే గుణం మందగించి ఉండవచ్చు, దానికి కొద్దిగా మాత్రమే ధర తగ్గించుకోవాలి.

ఇక అసలు పని. మొదట బొమ్మను ఏ రూపంలో ఇచ్చారో ఆ రూపంలోనే బల్లమీద పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పుతూ ప్రతి పిన్ను, ప్రతి స్క్రూ చుట్టూ చూడాలి. రంగు ప్లాస్టిక్ మీద, ముఖ్యంగా ముదురు రంగు భాగాల్లో, పిన్ను దూరిన చోట వెంట్రుకంత తెల్లగీత కనిపిస్తే ప్లాస్టిక్ అక్కడ ఒత్తిడికి లోనైందని అర్థం. ఇంకా విరగలేదు, కానీ విరిగేది అక్కడే. స్క్రూ తలలోని గాడి అరిగి ఉంటే ఎవరో విప్పి బిగించారు. విప్పడం తప్పేమీ కాదు, కానీ ఎందుకు విప్పారో అడిగి తెలుసుకోవాలి. పారదర్శక ప్లాస్టిక్‌తో చేసిన కిటికీ భాగాలను ఇంకా నిశితంగా చూడాలి. అవి గట్టిగా ఉన్నా పెళుసు. ఆ పారదర్శక భాగంలోనే కీలు కూడా ఉంటే చీలిక మొదలయ్యేది దాదాపు ఎప్పుడూ ఆ కీలు దగ్గరే.

తర్వాత రూపం మార్చాలి. ముందు ఆ విడుదలకు చెందిన సూచనల పత్రం దగ్గర పెట్టుకోవాలి. పాత పత్రాల ప్రతులు ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతాయి. 1984 ఆప్టిమస్ ప్రైమ్‌లో దశలు తక్కువ. పిడికిళ్లు ఊడదీస్తాం, తల లోపలికి మడుచుకుంటుంది, చేతులు ఒంటికి చేరతాయి, కాళ్లు నడుము దగ్గర వెనక్కి వంగి లారీ వెనుక భాగమవుతాయి. ప్రతి దశలోనూ గమనించవలసింది ఒక్కటే: భాగం తనంత తాను జారిపోతోందా, సరైన పట్టుతో కదులుతోందా, ఎక్కడైనా బిగుసుకుని బలం అడుగుతోందా. జారిపోయే కీలుకన్నా బిగుసుకున్న కీలు ప్రమాదకరం, ఎందుకంటే వదులుకు మందు ఉంది, విరిగినదానికి లేదు. ఎక్కడైనా ఆగిపోతే బలం పెట్టకుండా ఒక అడుగు వెనక్కి వెళ్లి, ఏ పలక అడ్డుపడుతోందో చూడాలి. చలిగా ఉన్న ఏసీ గదిలోంచో పార్సిల్లోంచో అప్పుడే తీసిన బొమ్మను కాసేపు మామూలు ఉష్ణోగ్రతలో ఉంచిన తర్వాతే తిప్పడం క్షేమం.

లారీ రూపం పూర్తయ్యాక దాన్ని సమతలం మీద పెట్టి చక్రాలన్నీ నేలను తాకుతున్నాయో లేదో చూడాలి. ఒక చక్రం గాలిలో ఉంటే నడుములోనో కాలిలోనో ఏదో పూర్తిగా కూర్చోలేదు, లేదా వంగింది. రెండు కాళ్ల మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. లారీని కొద్దిగా ఎత్తి మెల్లగా ఊపినప్పుడు కాళ్లు వేలాడకూడదు. ట్రెయిలర్ తగిలించి ముందుకు వెనక్కి నడిపి, తెరిచి, రోలర్ అనే చిన్న బండిని బయటికి తోసే స్ప్రింగు పనిచేస్తోందో లేదో పరీక్షించాలి. ఆపైన మళ్లీ రోబోగా మార్చాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఒక దిశలో సాఫీగా మారే బొమ్మ తిరుగు దిశలో మొరాయించడం మామూలే, కాబట్టి రెండు వైపులా మార్చిచూడనిదే పరీక్ష పూర్తయినట్టు కాదు. చివరికి రోబోను ఒంటిచేతితో తుపాకీ ఎత్తి పట్టుకున్నట్టు నిలబెట్టి కాసేపు వదిలేయాలి. చెయ్యి నెమ్మదిగా కిందికి దిగుతుంటే భుజం కీలు అరిగింది. గోళాకారపు కీలైతే ఆ గోళానికి పలచగా పారదర్శక గోళ్లరంగు పూసి, పూర్తిగా ఆరాక తిరిగి బిగిస్తే పట్టు వస్తుంది. టకటకమంటూ మెట్లుమెట్లుగా తిరిగే కీలులో పళ్లు అరిగితే ఇంట్లో చేయగలిగింది పెద్దగా ఉండదు.

ప్లాస్టిక్ వయసు మరో పెద్ద విషయం. తెల్లని భాగాలు కాలక్రమేణా, ముఖ్యంగా ఎండ తగిలినచోట, పసుపుబారతాయి. పాత జెట్‌ఫైర్ ఇందుకు పేరుపొందింది, తెల్లగా మిగిలినది దొరకడమే అరుదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి సాయంతో మళ్లీ తెల్లబరచవచ్చు. అలా చేసినదని అమ్మేవారు చెప్పాలి, చెప్పకపోతే అడగాలి, ఎందుకంటే కొన్నాళ్లకు పసుపు తిరిగి రావచ్చు. ఒక చేయి తెల్లగా, మరో చేయి మీగడ రంగులో ఉంటే రెండు బొమ్మల భాగాలు కలిపారేమో అనుమానించాలి. అంతకన్నా ఘోరమైనది బంగారు రంగు తళుకు కలిపిన ప్లాస్టిక్. 1980ల చివర, 1990లలో వచ్చిన కొన్ని బొమ్మల్లో, ఉదాహరణకు జపాన్‌లో 1988లో వచ్చిన బ్లాక్ జరక్‌లో, ఈ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ బిస్కెట్‌లా పొడిపొడి అవుతుంది. సీలు తీయని పెట్టెలో ఉన్నా తప్పించుకోదు. అటువంటి బొమ్మను రూపం మార్చి చూడమని అడగకండి. చూపుకోసం మాత్రమే ఉంచదలిస్తేనే, దానికి తగ్గ ధరకే కొనండి.

తొలి బొమ్మల్లో డై-కాస్ట్ (కరిగించి అచ్చులో పోసిన) లోహపు భాగాలు, ఇనుప స్క్రూలు, రబ్బరు టైర్లు ఉంటాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాల ఉప్పుగాలిలో ఏళ్లు గడిపిన బొమ్మకు స్క్రూల తుప్పు, లోహం మీద పొక్కులు తప్పకుండా వెతకాలి. మెత్తని టైర్లు, తీగలు ఏళ్లతరబడి ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉంటే ఆనినచోట దాన్ని కరిగించి మచ్చ పెట్టగలవు. చక్రాల అంచులు ఆ దృష్టితో చూడండి. వెండి రంగు పూత పూసిన పొగగొట్టాలు, తుపాకులు వేళ్లు తగిలేచోట ముందుగా అరుగుతాయి. ఆ పూతను ఇంట్లో తిరిగి తేలేరు కాబట్టి దీన్ని ధరలో గట్టిగానే లెక్కించాలి.

విడిభాగాల లెక్క ఓపికతో చేయవలసిన పని. 1984 ఆప్టిమస్ ప్రైమ్‌కు ఊడదీసే పిడికిళ్లు, తుపాకీ, క్షిపణులు, ఇంధనపు గొట్టం, రోలర్, ట్రెయిలర్ ఉండాలి. వీటిలో పిడికిళ్లే మొదట పోతాయి. విడిగా దొరికే పిడికిళ్లలో ఇటీవల తయారైనవి ఎక్కువ, వాటి నీలం అసలుదానితో సరిగా కలవదు. స్టిక్కర్లు కూడా అంతే. కొత్తగా ముద్రించిన స్టిక్కర్లు అందంగానే ఉంటాయి, నా దృష్టిలో చిరిగిన అసలువాటికన్నా బొమ్మకు అవే నయం. అయితే అసలు స్టిక్కర్ల ధరకు వాటిని కొనకూడదు.

పెట్టె ఉంటే దానికి వేరే లెక్క. పాత పెట్టెల మీద రోబో పాయింట్లు అనే చిన్న ముక్కలుండేవి. పిల్లలు వాటిని కత్తిరించి పంపి బహుమతి బొమ్మలు తెప్పించుకునేవారు. కాబట్టి అక్కడ రంధ్రం ఉంటే పెట్టె విలువ తగ్గుతుంది. వెనుక ఉండే శక్తిసామర్థ్యాల పట్టికను చదవడానికి ఇచ్చిన ఎర్రని పారదర్శక పట్టీ, థర్మోకోల్ అర, సూచనల పత్రం ఉన్నాయో లేదో చూడాలి. గట్టి పారదర్శక పెట్టెలో బిగించి, స్థితిని బట్టి మార్కులు వేసిన బొమ్మలకు ధర బాగా ఎక్కువ. నేనైతే వాటిని కొనను. రూపం మార్చి చూడలేని బొమ్మ ఆరోగ్యం గురించి ఆ మార్కులు చెప్పేది పరిమితం. పెట్టుబడిగా కొనేవారి సంగతి వేరు.

పెద్దలను దృష్టిలో పెట్టుకుని చేసిన మాస్టర్‌పీస్ వరుసలో పరీక్ష తీరు మారుతుంది. ఆ వరుసలో 2003లో వచ్చిన ఆప్టిమస్ ప్రైమ్, ఎంపీ-01లో లోహం ఎక్కువ, బరువూ ఎక్కువ. 2011లో వచ్చిన మరో ఆప్టిమస్ ప్రైమ్, ఎంపీ-10 ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు. ఎంపీ-10కు నకిలీలు విరివిగా ఉన్నాయి. కొన్ని అసలుకన్నా పెద్దవిగా తీసినవి, అవి కొలిస్తేనే దొరికిపోతాయి. అదే కొలతలో ఉన్న నకిలీని పట్టుకోవాలంటే ఛాతీ తలుపులు తెరిచి లోపల ఉండే మ్యాట్రిక్స్ అనే చిన్న భాగం రంగువేత, ముఖం మీద వెండి రంగు అంచులు, అడుగున ముద్రించిన హక్కుల వాక్యం చూడాలి. అసలు బొమ్మలో తుపాకీ మడిచి వీపులో అమర్చుకునే వీలుంటుంది. అది బలం పెట్టకుండా లోపలికి వెళ్లాలి. నకిలీల్లో పలకలు ఒక మిల్లీమీటరు పక్కకు తప్పి ఇలాంటిచోటే ఇరుక్కుంటాయి.

దూరం నుంచి కొంటున్నప్పుడు రోబో నుంచి లారీగా, లారీ నుంచి రోబోగా మార్చే వీడియోను కోతల్లేకుండా పంపమని అడగండి. ధర తేల్చుకోవడానికి అడిగిన ధరలను కాక, నిజంగా అమ్ముడైన ధరలను చూడాలి, అదీ అదే విడుదలకు, అదే స్థితికి. విదేశం నుంచి తెప్పిస్తుంటే భారతదేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగిందన్నది లెక్కలో వేసుకోండి. ఇక్కడి దుకాణంలో కొత్తగా అమ్మే పిల్లల బొమ్మకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. దుకాణంలోని కొత్త పెట్టె మీద ఆ గుర్తు లేకపోతే, ముందు దాని గురించి అడిగి ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.