అనుభవాన్ని మ్యాజిక్ రియలిజంలో చిత్రించడం ఎలా?

మ్యాజిక్ రియలిజం అంటే నిజజీవిత దృశ్యంలో ఒక అసాధ్యాన్ని మామూలు సంగతిలా కలిపి చూపడం. మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో 1944లో వేసిన ‘విరిగిన స్తంభం’ అనే స్వీయచిత్రంలో వెన్నెముక ఉండవలసిన చోట పగుళ్లిచ్చిన గ్రీకు స్తంభం నిలబడి ఉంటుంది. ఒంటి చుట్టూ బిగించిన పట్టీలు మాత్రం బస్సు ప్రమాదం మిగిల్చిన నొప్పితో ఆమె నిజంగా ధరించినవే. కల్పన ఎంత సాహసంగా ఉన్నా, దానిని నమ్మించేది పక్కనున్న నిజమే.

ముందుగా ‘దుఃఖం’, ‘ఒంటరితనం’ వంటి పెద్ద మాటలను పక్కన పెట్టి, ఒక మనిషిని, ఆ మనిషి చేస్తున్న ఒక పనిని ఎంచుకోండి. ఉదాహరణకు, శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊరు మునిగిపోగా పునరావాస కాలనీకి చేరిన ఒక పెద్దావిడ మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది అనుకుందాం.

తరువాత ప్రకృతి నియమాల్లో ఒక్కదానిని మాత్రమే తప్పించండి. ఆ గదిలో మోకాలి లోతు నీరు ఉంది. అయితే ఇంతటితో ఆగితే చూసేవారు దానిని వరద దృశ్యమనుకుంటారు కనుక, తలుపు తెరిచే ఉంచి, గుమ్మం దగ్గర నీరు అద్దంలా నిట్టనిలువుగా ఆగినట్టు, అవతల వీధిలో దుమ్ము లేస్తున్నట్టు గీయాలి. రెక్కలు, ఎగిరే చేపలు, కరిగే గడియారాలు జోడించాలనిపిస్తుంది. అవి ఇతరుల కలల నుంచి తెచ్చుకున్న అరువు సొమ్ము, ఆమెకు వాటితో పనిలేదు.

అసలు శ్రమంతా ఇక్కడి నుంచే. వెలుగు ఏ వైపు నుంచి వస్తుందో నిర్ణయించి, అసాధ్యమైన వస్తువుకూ అదే వెలుగును, అదే నీడను ఇవ్వండి. గాజు గిన్నెలో నీళ్లు పోసి, ఒక కర్రను నిలిపి పైనుంచి గమనిస్తే, మునిగిన భాగం పొట్టిగా కనిపిస్తుంది. మంచం కోళ్లను అలాగే గీయాలి. తైలవర్ణాలు వాడేవారు ముందు పొడి గదిని పూర్తిగా చిత్రించి, అది ఆరాక, లిన్సీడ్ నూనెతో పలుచన చేసిన ఆకుపచ్చను పారదర్శకమైన పొరలుగా వేస్తే నేల గచ్చు అడుగున కనిపిస్తూనే ఉంటుంది. చీర కుచ్చెళ్లు తడిసిన మేర రంగు ముదరాలి.

ఆమె ముఖంలో ఆశ్చర్యం ఉండకూడదు. ఆమెకు ఆ నీరు కొత్త కాదు కదా! పక్క గదిలో మనవడు ఉంటే, అతని కాళ్ల కింద నేల పొడిగా ఉంచవచ్చు. ఒకే ఇంట్లో రెండు తరాల జ్ఞాపకాలు వేరన్న సంగతి ఆ ఒక్క తేడాతో తెలుస్తుంది.

పూర్తయ్యాక నీటి భాగాన్ని కాగితంతో కప్పి చూడండి. మిగిలినది మామూలు ఇంటి చిత్రంగా నిలబడకపోతే, లోపం కల్పనలో కాదు, గది చిత్రణలో ఉన్నట్టు. పేరు ‘ముంపు’ అని పెడితే అంతా మీరే చెప్పేసినట్టవుతుంది. ‘రాత్రి వంటకు బియ్యం’ అంటే నీటి సంగతి చూసేవారికి వదిలినట్టు.