గద్దల డీఎన్‌ఏ పాఠాలు - 4: ముందు ఆడా మగా, తర్వాతే తల్లీ తండ్రీ

పోయిన పాఠంలో ఈక కుదుళ్ల నుంచి తీసిన డీఎన్‌ఏను ఫ్రీజర్‌లోంచి బయటికి తీయండి.

పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. సీహెచ్‌డీ1 జన్యువు రెండింటి మీదా ఉంటుంది కానీ అందులోని ఇంట్రాన్ (జన్యువులో ప్రోటీన్‌కు పనికిరాని మధ్య భాగం) పొడవులు వేరు. ఆ భాగాన్ని కాపీ చేయడానికి చాలామంది పీ2/పీ8 ప్రైమర్లు (కావలసిన ముక్క రెండు చివర్లా అతికే చిన్న డీఎన్‌ఏ తునకలు) వాడతారు. గద్దలు, డేగల్లో చాలావాటికి వాటిని నమ్మలేం. జెడ్, డబ్ల్యూల నుంచి వచ్చే రెండు ముక్కలకూ పొడవులో తేడా తక్కువ కాబట్టి అగరోజ్ (ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్) మీద ఒకే గీతలా కలిసిపోయి ఆడది మగదిగా నమోదవుతుంది. వాటి బదులు 2550ఎఫ్/2718ఆర్ ప్రైమర్లు తీసుకోండి. జెడ్ ముక్క సుమారు 600-650, డబ్ల్యూ సుమారు 450 బేస్ జతలు (డీఎన్‌ఏ పొడవుకు కొలత).

పీసీఆర్ (ఆ ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతి): 94 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు. ఆపైన 94, 50, 72 డిగ్రీల్లో వరసగా 30, 30, 45 సెకన్ల చొప్పున 35 సార్లు. చివర 72 దగ్గర 5 నిమిషాలు. జెల్ 2 శాతం. లింగం ముందే తెలిసిన ఆడ, మగ నమూనాలు, వట్టి నీళ్లు తప్పక పెట్టండి. నీళ్ల వరసలో గీత పడితే ఆ జెల్ మొత్తం చెల్లదు.

450 గీత కనిపిస్తే ఆడది, పై గీత లేకపోయినా సరే. డీఎన్‌ఏ చిరిగినప్పుడు పొడవు ముక్కే ముందు పోతుంది. పైది ఒక్కటే స్పష్టంగా ఉంటే మగది. మసకగా ఉంటే మళ్లీ నడపండి. ఏమీ రాకపోతే పట్టికలో లింగం గడి ఖాళీగానే ఉండాలి.

విశాఖ ఉక్కపోతలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఈక బూజు పడుతుంది. కాగితం కవరు, సిలికా జెల్ వాడండి. ఫిషింగ్ హార్బర్‌లో దొరికిన ఈక ఏ గద్దదో తేలదు, గూటి కిందే ఏరాలి, అదీ అటవీ శాఖ అనుమతితో.

ఇక తల్లిదండ్రులు. మామూలు (జెడ్, డబ్ల్యూల మీద లేని) మైక్రోశాటిలైట్ మార్కర్‌లో, అంటే ఒకే చిన్న వరస పదే పదే వచ్చి, పక్షి పక్షికీ పొడవు మారే డీఎన్‌ఏ చోటులో, పిల్లకు ఒక అల్లీల్ (ఆ చోటి ఒక రూపం, దాని పొడవే దాని అంకె) తల్లిది, ఒకటి తండ్రిది. ఒక్క మార్కర్‌లో పొంతన కుదరనంత మాత్రాన తండ్రి కాదనేయొద్దు. ఉత్పరివర్తన కావచ్చు, ప్రైమర్ అతకని అల్లీల్ కావచ్చు.

అసలు గోతి జెడ్ మీది మార్కర్. తల్లి 182, కూతురు 190 అనుకుందాం. తల్లి కాదనిపిస్తుంది. కానీ కూతురికి తల్లి ఇచ్చింది డబ్ల్యూ. ఆ 190 తండ్రిది. పిల్ల లింగం తెలియకుండా ఇది తేలదు. కూతుళ్ల లెక్కలో ఈ మార్కర్ తల్లికి వర్తించదు.

అభ్యాసం: జెడ్ మార్కర్‌లో తల్లి 201, కొడుకు 201/209, కూతురు 205. ఇద్దరికీ తండ్రి ఒక్కడే అయితే అతని రెండు అల్లీళ్లు ఏవి?