కొలోసియం పజిల్ పేర్చేవారికి

ముసురు రోజుల్లో పిల్లలతో కూర్చుని రోమ్ కొలోసియం బొమ్మ ఉన్న జిగ్సా పజిల్ పేర్చాలనుకుంటున్నారా? అంచులు పూర్తయ్యాక రంగును బట్టి ముక్కలు వేరుచేయకండి. రాయి అంతా దాదాపు ఒకే రంగు, విసుగొచ్చి పిల్లలు లేచిపోతారు. స్తంభాల తలలు చూడమనండి. కింది అంతస్తులో అవి సాదాగా ఉంటాయి. రెండో అంతస్తులో ఇరుపక్కలా చుట్టలు తిరిగి ఉంటాయి. మూడో అంతస్తులో ఆకులు చెక్కి ఉంటాయి. నాలుగో అంతస్తులో కమానులు ఉండవు, చిన్న కిటికీలే. ఆకులున్నా స్తంభం గుండ్రంగా కాక చదునుగా కనిపిస్తే ఆ ముక్క పైవరుసదే. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి శిల్పుల పనితనం పిల్లల కంట పడటానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు!

ఇటుక రంగు ముక్కలను మాత్రం ముందే ఏరిపెట్టుకోండి. 1349 భూకంపంలో దక్షిణం వైపు వెలుపలి గోడ కూలింది. మిగిలింది పడిపోకుండా 19వ శతాబ్దంలో ఇటుకలతో ఆనుగోడలు కట్టారు. బొమ్మలో గోడ తెగిన ఏటవాలు అంచు అదే.

ఇక మన కోనసీమ చెమ్మ సంగతి. అట్టముక్కలు తేమ పీల్చి ఉబ్బుతాయి, పైకాగితం లేస్తుంది. గచ్చు మీద కాకుండా ప్లైవుడ్ చెక్క మీద పేర్చి, రాత్రికి బీరువా పైన పెట్టండి. ఉబ్బిన ముక్కను బలవంతంగా నొక్కకండి, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.