పోలీస్ ఈవెంట్స్‌కు పరుగు మొదలుపెట్టే ముందు కాళ్లు కాపాడుకోండి

పోలీస్ ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తుందట అన్న మాట చెవిన పడితే చాలు, నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్, పాలమూరు స్టేడియం, దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్ల రోడ్లు తెల్లారకముందే నిండిపోతాయి. నెల తిరక్కుండానే చాలామంది మోకాలి కింద ఎముక పట్టుకుని కూర్చుంటారు. చదువులో వెనకబడి పోయినవాళ్ల కంటే, కాలు పాడై ఆగిపోయినవాళ్లను చూస్తే నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే ఈ దెబ్బల్లో చాలా వరకు ఆపగలిగినవే.

ఈవెంట్స్ అంటే పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు. 2022 తెలంగాణ పోలీస్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. 400 మీటర్ల ట్రాక్ మీద లెక్కేస్తే అబ్బాయిలకు రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్లు, అమ్మాయిలకు 2 నిమిషాల 40 సెకన్లు. నెలల తరబడి ఓపికగా చేస్తే చాలామందికి అందే టైమింగే ఇది. ఏళ్లుగా పరుగు లేని కాళ్లతో మొదటి రోజే స్టాప్‌వాచ్ పట్టుకుని దిగడంతోనే అసలు గొడవ మొదలవుతుంది. దమ్ము కొన్ని వారాల్లోనే వస్తుంది, కానీ ఎముక, మడమ వెనక తాడులా ఉండే నరం (టెండన్) గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే ఇంకా ఉరకగలను అనిపించే మూడో నాలుగో వారంలోనే కాలు దెబ్బతింటుంది.

కాబట్టి మొదట్లో టైమింగ్ పక్కన పెట్టండి. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉరకండి, మధ్యమధ్య నడవండి, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ఈ నెలలో ఒకేసారి ఉరికిన ఎక్కువ దూరం 3 కిలోమీటర్లయితే, ఆదివారం దోస్తులు వచ్చారని 6 కిలోమీటర్లు వెళ్లొద్దు. తారు రోడ్డు కంటే మట్టి గ్రౌండ్ మేలు. రోడ్డే గతి అయితే, ముఖ్యంగా నార్కట్‌పల్లి అద్దంకి హైవే లాంటి చోట చీకట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు, లేత రంగు టీషర్టు వేసుకుని ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడివైపు వెళ్లండి. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపే ముగించండి, తల తిరిగినా చలి పుట్టినట్టున్నా అక్కడే ఆగి నీడకు వెళ్లి నీళ్లు పోసుకోండి.

స్ట్రెచింగ్ ఒక్కటి చేస్తే దెబ్బలు తగలవని గ్రౌండ్‌లో అందరూ చెప్తారు. ఆస్ట్రేలియా సైన్యంలో 1538 మంది కొత్త రిక్రూట్ల మీద దీన్నే పరీక్షించి 2000లో ఫలితం ప్రచురించారు. పరుగుకు ముందు స్ట్రెచింగ్ చేసినవాళ్లకు, చేయనివాళ్లకు దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొదటే ఫిట్‌నెస్ తక్కువగా ఉన్నవాళ్లకే దెబ్బలు ఎక్కువగా తగిలాయి. 2014లో 25 ట్రయల్స్‌ను, అంటే 26 వేల మందికి పైగా ఆటగాళ్లను కలిపి చూసినప్పుడు కూడా స్ట్రెచింగ్‌తో లాభం కనపడలేదు, బలం పెంచే వ్యాయామాలు మాత్రం దెబ్బలను మూడో వంతు కంటే తక్కువకు దించాయి. స్ట్రెచింగ్ హాయిగా అనిపిస్తే చేసుకోండి, కానీ దాన్ని నమ్ముకుని బలం వదిలేయకండి.

దానికి జిమ్ అక్కర్లేదు. మెట్టు అంచున ముందరి పాదాలతో నిలబడి మడమలు మెల్లగా పైకి లేపి, అంతకంటే మెల్లగా దించండి, ఒకసారి మోకాళ్లు నిటారుగా, ఒకసారి కొద్దిగా వంచి, అలవాటయ్యాక ఒంటికాలితో. పిక్కలకు, మడమ నరానికి దీన్ని మించింది నాకు తెలియదు. తొడ వెనక కండరానికి ఇంకోటుంది: మెత్తటి చోట మోకాళ్ల మీద నిలబడండి, దోస్తు చీలమండలు గట్టిగా పట్టుకుంటాడు, మీరు నడుము వంచకుండా ఒంటిని మెల్లగా ముందుకు దించి చివర్లో చేతులతో ఆపుకోండి. నార్డిక్ అనే ఈ వ్యాయామం ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో తొడ వెనక చిరగడాన్ని దాదాపు సగానికి తగ్గించిందని పరిశోధనలున్నాయి. మొదటిసారి నాలుగైదు చాలు, రెండు రోజులు నొప్పి ఉంటుంది. లాంగ్ జంప్ ప్రాక్టీస్‌కు ఇది తప్పనిసరి, గట్టి నేల మీద మాత్రం దూకొద్దు, గుంత తవ్వి ఇసుక పోసుకోండి. షాట్‌పుట్ అయితే అబ్బాయిలు 7.26 కిలోల గుండుతోనే మొదలుపెట్టకుండా, తేలికదానితో విసిరే పద్ధతి నేర్చుకోండి.

నొప్పి వస్తే ఏం చేయాలన్నది దీనికంటే ముఖ్యం. మోకాలి కింద ఎముక పొడవునా సలిపి, ఒళ్లు వేడెక్కాక తగ్గితే దూరం బాగా తగ్గించి చూడొచ్చు. అదే వేలితో చూపించగలిగేంత ఒక్కచోట నొప్పి ఉంటే, ఒంటికాలిపై గెంతితే చురుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నని చీలిక ఉండొచ్చు. వెంటనే పరుగు ఆపి ఎముకల డాక్టర్‌ను కలవండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు కాబట్టి, ఎక్స్‌రే బాగుందని మళ్లీ ఉరకడం మొదలుపెట్టొద్దు. చీలమండ మెలిక పడి నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఆ రోజే దవాఖానకు వెళ్లి చూపించుకోండి. కొత్తగా వాచిన చోట గట్టిగా మర్దన వద్దు.

చెల్లెళ్లకు ఒక మాట. బరువు తగ్గాలని తిండి మానేసి ఉరుకుతుంటే నెలసరి ఆగిపోవచ్చు, దాంతో ఎముకలు బలహీనపడి చీలిక ముప్పు పెరుగుతుంది. సిగ్గుపడి దాచుకోకండి, డాక్టర్‌కు చెప్పండి, కడుపునిండా తినండి.

డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర వేసుకునో, ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకునో ఉరకడం దయచేసి మానండి. నొప్పి తెలియక చీలిక పెద్దదవుతుంది, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్ర కిడ్నీలను దెబ్బతీయొచ్చు.

కోలుకున్నాక అరగంట నొప్పి లేకుండా నడవగలిగితేనే ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టండి. ఉరికేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు కావాలి. కాకపోతే ఒక మెట్టు వెనక్కి. దగ్గర్లో ఫిజియోథెరపిస్ట్ ఉంటే ఈ దశలో ఒకసారి కలిసి రండి, ఏ కండరం బలహీనంగా ఉందో చూసి చెప్తారు. ఈవెంట్స్ తేదీ పడ్డాక కొత్త షూస్ జోలికి పోవద్దు, ఆఖరి వారం దూరం సగానికి తగ్గించి బాగా నిద్రపోండి.